నలుగురు చూసిన నీలం

ప్రాక్టికల్స్ గది తలుపు మీద మార్కుల కాగితం అంటించిన రోజున దాని ముందు తిరునాళ్ళలా గుంపు ఉండటం మామూలే. ఆ సోమవారం మాత్రం మొండిని చూడగానే గుంపు రెండుగా చీలి దారి వదిలింది. అలా దారి వదలటంలోనే ఏదో తేడా ఉందని మొండికి తెలిసిపోయింది. తలెత్తుకునే వెళ్ళి చదివింది. కొండ మీద నుంచి వచ్చి చేరిన నలుగురి నంబర్ల పక్కనా సున్నాలు. సున్నాల పక్కన ఎర్ర సిరాతో ఒక్క మాట. కాపీ.

"సున్నా చుట్టడం కూడా ఒక కళే. మనకి చుట్టినంత గుండ్రంగా ఇంకెవరికీ చుట్టలేదు," అన్నాడు వెనక నుంచి గంట. వాడి నోరు మోగుతూనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. వాడి పక్కన దూలం తల వంచి నిలబడ్డాడు. గుమ్మాలన్నీ వాడికి పొట్టివే కాబట్టి తల వంచడం వాడికి అలవాటే గానీ, ఈసారి వంగింది గుమ్మం కోసం కాదు. నలుగురిలో చిన్నది గువ్వ, మొండి చీర కొంగు పట్టుకుని వదల్లేదు.

మొండికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. అది కాలేజీ రిజిస్టర్లో తప్ప ఎక్కడా వినిపించదు. పెళ్ళయి ఇంకా పసుపు ఆరలేదు, అయినా కొత్త పెళ్ళికూతురని మురిపెంగా చూడకుండా, చూసిపోవడానికొచ్చే అత్తగారు కూడా "మొండీ, ఆ తలుపు వేసి రా" అనేస్తుంది.

కెమిస్ట్రీ మేడమ్ చెడ్డమనిషేమీ కాదు. గొంతు పోయేదాకా పాఠం చెబుతుంది, అర్థం కాలేదంటే మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. అందుకే ఆవిడ ఆ మాట రాసిందంటే మొండికి ఎక్కువ గుచ్చుకుంది. నలుగురినీ బల్ల దగ్గరికి పిలిచి, నాలుగు కాగితాలు పక్కపక్కన పరిచింది.

"నీళ్ళు ఒకటే, సరే. ద్రావణం ఒకటే, సరే. కానీ చేతులు నాలుగు, కళ్ళు నాలుగు జతలు. దశాంశంతో సహా నలుగురికీ ఒకే అంకె ఎలా వచ్చింది? నలుగురూ ఒకేసారి రెప్ప వేశారా?"

"కాపీ కొట్టలేదు మేడమ్," అంది మొండి.

"అయితే చెప్పు. ముందు ఎవరికి వచ్చింది ఈ అంకె? ఎవరిది చూసి ఎవరు రాశారు? నీకెంత వచ్చింది, ఈ అమ్మాయికెంత వచ్చింది?"

నలుగురూ నోళ్ళు కుట్టేసుకున్నట్టు నిలబడ్డారు. గంట కూడా మోగలేదు. వాడు మోగకపోవడం చూసి మేడమ్‌కి అనుమానం రూఢి అయిపోయింది.

"మొదటి ఏడు కాపీ ముద్ర పడితే రెండో ఏడు కెమిస్ట్రీ ఉండదు. ఇది నా రూలు కాదు, కాలేజీ రూలు. శుక్రవారం పెద్ద సార్ దగ్గరికి రండి. అక్కడైనా నోరు విప్పండి," అంది మేడమ్. కోపంగా కాదు, అలసటగా.

చెప్పలేకపోవడానికి కారణం ఉంది. అది కొండ మీద పుట్టినవాళ్ళకి ఊపిరంత మామూలు విషయం, కింద వాళ్ళకి కథలా వినిపిస్తుంది.

కొండ మీద అందరి ప్రాణాలూ ఆధారపడే సంగతి ఏదైనా ఒక్క కంటికి వదలరు. వాగు దాటొచ్చా లేదా, ఊట నీళ్ళు తాగొచ్చా లేదా, ఆ గట్టు ఈ వానకి నిలుస్తుందా లేదా, ఇలాంటివి చూసి రావడానికి నలుగురైదుగురు వెళతారు. వెళ్ళేటప్పుడు మాట్లాడుకోరు. ఎవరి మటుకు వాళ్ళే చూస్తారు. తిరిగొచ్చి గుండ్రంగా కూర్చుంటారు. అందరికన్నా చిన్నవాళ్ళు ముందు చెప్పాలి, పెద్దవాళ్ళు చివర. పెద్దలు ముందు నోరు తెరిస్తే చిన్నవాళ్ళ కళ్ళు కూడా వాళ్ళ వెంటే పోతాయని. ఆ తర్వాత వెలుగు ఎటు నుంచి పడింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని వాదించుకుని ఒక్క మాట మీదికి వస్తారు. బయటికి వచ్చేది ఆ ఒక్క మాటే. లోపల ఎవరేం అన్నారో గుండ్రం దాటకూడదు. దాటితే, మాట తప్పయిన రోజున వేలు ఒక్కరి వైపు తిరుగుతుంది. వేలు తిరుగుతుందని తెలిస్తే మర్నాడు ఎవరూ నిజం చెప్పరు.

ప్రాక్టికల్స్‌లో వాళ్ళు చేసింది అచ్చంగా అదే. ఫ్లాస్కులో నీళ్ళు పోసి రంగు చుక్కలు వేస్తే ద్రాక్షపండు ఎరుపు వస్తుంది. పైన నిలువుగా బిగించిన సన్నటి గాజు గొట్టం బ్యూరెట్టు. దాని కింది కుళాయి తిప్పుతూ ద్రావణాన్ని చుక్క చుక్కగా వదులుతుంటే, ఎక్కడో ఒక చుక్క దగ్గర ఎరుపు చచ్చి నీలం పుడుతుంది. అంతవరకు ఎంత ద్రావణం పడిందో దాన్ని బట్టి నీళ్ళలో సున్నం ఎంతో లెక్క. ఆ నీలం ఎప్పుడు పుట్టిందో చెప్పడం కంటికి పరీక్షే. ఒకరికి ఇంకా ఊదాగా కనిపించేది ఇంకొకరికి నీలమైపోతుంది. అలాంటి సంగతి నలుగురు చూసినప్పుడు కూర్చుని ఒక్క మాట మీదికి రాకుండా ఎవరికి వాళ్ళు తోచిన అంకె రాసేసి వెళ్ళిపోవడం ఏం మర్యాద? వరండా చివర కూర్చున్నారు, చెప్పుకున్నారు, తేల్చుకున్నారు, నలుగురూ ఆ అంకే రాశారు. పెద్ద మంచి పని చేశామనుకుని ఆ సాయంత్రం టీ కూడా తాగారు.

*

మొండి ఇల్లు ఒక్క గది. గది అంటే గదే. మంచం మీద నుంచి చెయ్యి చాపితే పొయ్యి, పొయ్యి దగ్గర నుంచి కాలు చాపితే గుమ్మం. కానీ ఆ గుమ్మానికి వాళ్ళదైన తాళం ఉంది, ఆ తాళానికి రెండు చెవులున్నాయి, ఒకటి తనది. ఆ చెవిని బ్యాగులో తడిమి చూసుకున్నప్పుడల్లా మొండికి నవ్వు వస్తుంది. ఇవాళ రాలేదు.

బావ అప్పటికే వచ్చాడు. హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పని అతనిది. రోజంతా ఆవిరిలో ఉండి ఇంటికి వచ్చేసరికి బుగ్గలు పాపాయి బుగ్గల్లా ఉంటాయి. సబ్బు వాసన వేసే మొగుడు దొరకడం అదృష్టమని మొండి అభిప్రాయం.

"ఏంటి సైంటిస్టమ్మా, మొహం ఇస్త్రీ చేయని దుప్పటిలా ఉంది?"

చెప్పింది. చెబుతూ ఉల్లిపాయలు తరిగింది కాబట్టి కన్నీళ్ళకి లెక్క చెప్పనక్కర్లేకపోయింది. బావ బియ్యం కడుగుతూ అంతా విన్నాడు.

"ఆ నాలుగు అంకెలూ చెప్పేస్తే పోయేదిగా? మీ మేడమ్ ఏమైనా మన కొండెక్కి చాటుతుందా?"

"నువ్వా బావా ఆ మాట అనేది?"

"అన్నాను. అనేసి చూశాను. నాకే నోరు చేదుగా ఉంది." గిన్నె పొయ్యి మీద పెట్టి ఆమె పక్కన చేరాడు. "సరే, ఇంకోలా అడుగుతా. ఈ కెమిస్ట్రీ పోతే ఏమవుతుంది? వేరే చదువు లేదా?"

మొండి కత్తి పక్కన పెట్టింది. "నా చిన్నప్పుడు కింద నుంచి మనుషులొచ్చి మన ఊట నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు గుర్తుందా? ఏడాదికోసారి వస్తూనే ఉన్నారు. పట్టుకెళుతూనే ఉన్నారు. ఆ నీళ్ళలో ఏముందో ఒక్కళ్ళయినా తిరిగొచ్చి చెప్పారా? మా అమ్మ మోకాళ్ళు పట్టేస్తే నీళ్ళ వల్లేనేమో అంటుంది, పిన్ని కాదంటుంది. ఎవరికీ తెలీదు. ఆ సీసా పట్టుకునేదాన్ని నేనవ్వాలి. పట్టుకుని, చూసి, మళ్ళీ కొండెక్కి ఇదిగో ఇదీ సంగతి అని చెప్పాలి. దానికి కెమిస్ట్రీయే కావాలి. వేరే చదువు కుదరదు."

"అయితే వదలకు," అన్నాడు బావ, ఉప్పు డబ్బా అందించినంత మామూలుగా.

"వదలను. కానీ అంకెలూ చెప్పను. రెండూ ఎలా కుదురుతాయో తెలియట్లేదు."

అన్నం ఉడికింది. ఒకే కంచంలో తినడం ఇంకా కొత్త సరదా వాళ్ళకి. రెండో కంచం కొనలేక కాదు, కొనాలని ఇద్దరికీ గుర్తురాక. సగం తిన్నాక బావకి ఉన్నట్టుండి నవ్వొచ్చి పొలమారింది. మొండి నెత్తి మీద తట్టింది.

"ఆ రోడ్డు కొలిచే ఆయన గుర్తున్నాడా? టోపీ ఆయన? వాగు చూడటానికి మన వాళ్ళతో పాటు తనూ వచ్చాడని మా తాత తీసుకెళ్ళి గుండ్రంలో కూర్చోబెట్టాడు. కొత్తగా వచ్చాడు కాబట్టి అందరికన్నా చిన్న నువ్వే, ముందు నువ్వే చెప్పాలి అన్నాడు. పాపం ఆయన నెరిసిన మీసాలేసుకుని తెల్లమొహం వేశాడు!"

మొండి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బావా."

"ఏంటి?"

"చూసినవాళ్ళెవరైనా కూర్చోవచ్చు."

"ఆ. చూసి ఉండాలి. ఊరికే వచ్చి కూర్చుంటే కుదరదు."

"మా మేడమ్ చూస్తే? తన చేత్తో తను ఫ్లాస్కు పట్టుకుని, తన కంటితో తను చూస్తే?"

బావ ఆమె మొహం వైపు చూశాడు. "ఆ ముద్ద తిను ముందు. తర్వాత ఎవర్ని కూర్చోబెడతావో కూర్చోబెట్టు."

*

మర్నాడు లైబ్రరీ మెట్ల మీద నలుగురూ కలిశారు. దూలానికి ఆలోచన నచ్చింది. గంటకి నచ్చలేదు.

"మేడమ్ వస్తుందా? మనతో నేల మీద కూర్చుంటుందా? చీర నలిగిపోదూ?"

"నలిగితే మా బావ ఇస్త్రీ చేస్తాడు," అంది మొండి.

గువ్వ అప్పటిదాకా మెట్టు మీద గోటితో గీతలు గీస్తూ ఉంది. తలెత్తకుండానే అంది. "అక్కా, నేనే కాపీ కొట్టానని చెప్పేస్తాను. మీ అందరిదీ చూసి నేనే రాశానని. ఒక్క సీటు పోతుంది. ముగ్గురు మిగులుతారు."

"ఏం మాటలే అవి?"

"నాదే కదా మరి తేడాగా వచ్చింది. నా వల్లే అంతసేపు వాదన. నా చెయ్యే మంచిది కాదు."

మొండికి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఆ రోజు వరండాలో గువ్వ ముందు చెప్పింది, అందరికన్నా బాగా ఎక్కువ అంకె. మిగతా ముగ్గురివీ దగ్గర దగ్గరగా వచ్చాయి. అప్పుడు "నీ చెయ్యి జారి ఎక్కువ పడిందేమోనే" అన్నది ఇంకెవరో కాదు, తనే. గువ్వ ఒక్క క్షణం ఆగి, "అయ్యుండొచ్చు అక్కా" అని ఒప్పేసుకుంది. అంత తొందరగా ఎందుకు ఒప్పుకుందని అప్పుడు ఎవరూ అడగలేదు. కొండ మీదయితే అడిగేవాళ్ళు. ఇక్కడ బస్సు టైమయిందని తేల్చేశారు.

"నువ్వు ఎక్కడికీ వెళ్ళటం లేదు. నలుగురం ఉంటాం, లేదంటే నలుగురం పోతాం. పోయే ఉద్దేశం నాకు లేదు," అంది మొండి.

*

పెద్ద సార్ గదిలో ఫ్యాను తిరిగిన దానికన్నా చప్పుడు ఎక్కువ. ఆయన కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని, దాన్ని బల్ల మీద వెతుక్కుంటూ ఉన్నాడు. మేడమ్ కిటికీ పక్కన కూర్చుంది.

మొండి ఉన్నదున్నట్టు చెప్పింది. కొండ సంగతి, వాగు సంగతి, చిన్నవాళ్ళు ముందు చెప్పే సంగతి. 

"బాగుందమ్మా," అన్నాడు పెద్ద సార్. "కానీ ఇది కొండ కాదు. కాలేజీ. ఇక్కడ ఎవరి పరీక్ష వాళ్ళది. నలుగురూ కలిసి ఒకే పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు ఉంది మీ వ్యవహారం."

"సార్, పెళ్ళిచూపులకి నలుగురినీ తీసుకెళ్ళేది అందుకే కదా సార్. ఒక్కళ్ళ కన్ను చాలదని."

మేడమ్‌కి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకుంది. పెద్ద సార్‌కి నుదుటి మీది కళ్ళజోడు అప్పుడే చేతికి తగిలింది.

"సరే. నీ మాట నిజమని నాకెలా తెలుస్తుంది? ఎవరికి ఎంతొచ్చిందో చెప్పు, మేడమ్ చూసుకుంటుంది."

"అది చెప్పకూడదు సార్. చెప్పమని అడిగితే మానేసి వెళ్ళాల్సి వస్తుంది, కానీ మానేసి వెళ్ళడం నాకిష్టం లేదు." ఊపిరి తీసుకుంది. "మళ్ళీ చేస్తాం సార్. అదే నీళ్ళు, అదే గది. మేడమ్ కూడా మాతో పాటు చెయ్యాలి. చేస్తే మాతో కూర్చోవచ్చు. కూర్చుంటే అన్నీ వినొచ్చు. మేం కాపీ కొట్టామో, కళ్ళు పెట్టి చూశామో మేడమే చెబుతారు. ఆవిడ ఏం చెబితే అది."

మేడమ్ కుర్చీ ఇటు తిప్పుకుంది.

"నేను విద్యార్థులతో కలిసి టైట్రేషన్ చెయ్యాలా?" అంది మేడమ్.

"అవును మేడమ్. ఇంకో సంగతి కూడా ఉంది." మొండి కాస్త తటపటాయించింది. "మీరు కొత్తగా వస్తారు కాబట్టి ముందు మీరే చెప్పాలి. మాలో అందరికన్నా చిన్న మీరే అవుతారు."

పెద్ద సార్ గట్టిగానే నవ్వేశాడు. "వెళ్ళండి మేడమ్, వయసు తగ్గే అవకాశం ఊరికే రాదు."

*

అయిదు స్టాండ్లు, అయిదు బ్యూరెట్లు. గువ్వ ఎప్పటిలాగే మూలనున్న స్టాండు దగ్గరికి వెళ్ళింది. అన్నిటికన్నా అదే పొట్టిది, ముని వేళ్ళ మీద నిలబడకుండా ఆమె అంకె చదువుకోగలిగేది అదొక్కటే. మేడమ్ చీర కొంగు దోపి, చేతులు కడుక్కుని, మొండి పక్కన నిలబడింది. ఎవరూ మాట్లాడలేదు. గంట కూడా.

మొండి కుళాయి తిప్పింది. చుక్క, ఎరుపులో నీలంగా విచ్చుకుని, మాయమైంది. ఇంకో చుక్క. ఎన్నిసార్లు చూసినా ఆ విచ్చుకోవడం ఆమెకి పండగే. ఓరకంట చూస్తే మేడమ్ కూడా ఫ్లాస్కుని వెలుగుకి పెట్టి పెదవి కొరుక్కుంటూ ఉంది, మొదటిసారి చేస్తున్న పిల్లలా. పాఠం చెప్పేటప్పుడు ఆ మొహం ఎప్పుడూ కనిపించలేదు. అందరూ అయిపోయాక కూడా గువ్వ ఇంకా చుక్క చుక్కగా వదులుతూనే ఉంది. ఎవరూ తొందర పెట్టలేదు.

వరండా చివర గుండ్రంగా కూర్చున్నారు. మేడమ్ గచ్చు మీద కూర్చోవడానికి కాసేపు తంటాలు పడి, చివరికి మఠం వేసుకుంది.

"ముందు నేనే కదా? పన్నెండు పాయింట్ ఒకటి. ఆఖరి చుక్క దగ్గర కాస్త అనుమానం ఉంది. కిటికీ వెలుగు నా వెనక నుంచి పడింది." చెప్పి, తనే ఆశ్చర్యపోయినట్టు ఆగింది. "ఈ మాట నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అనుమానం ఉందని."

తర్వాత గువ్వ. నేల వైపు చూస్తూ చెప్పింది. "పదమూడు దాటింది."

గంట చటుక్కున నోరు తెరిచాడు. మొండి వాడి మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత గంట, దూలం, చివర మొండి చెప్పారు. ముగ్గురివీ పన్నెండు అటూ ఇటూ.

"నాదే మళ్ళీ తప్పు. తీసేయండి," అంది గువ్వ.

"తీసెయ్యం," అంది మొండి. "పోయినసారి తీసేశాం. ఆ పని చేసింది నేనే. గువ్వా, నీకు ఏం కనిపించిందో చెప్పు. ఎంత పడిందని కాదు, ఏం కనిపించింది?"

గువ్వ తలెత్తింది. "నీలం వచ్చేదాకా ఆపలేదు. వచ్చాక ఒక్క చుక్క కూడా వెయ్యలేదు. నాకు నీలం తెలుసు అక్కా."

మేడమ్ ఆమెనే చూస్తూ ఉంది. "నీకు తెలుసు. నీ ఫ్లాస్కు రంగు నేను చూశాను, నాదాని కన్నా శుభ్రంగా ఆగింది." లేచి నిలబడింది, మోకాలు పట్టుకుని. "లే. ఇద్దరం చోట్లు మారదాం. నా స్టాండు దగ్గర నువ్వు చెయ్యి."

మేడమ్ స్టాండు దగ్గర ముని వేళ్ళ మీద నిలబడి గువ్వ మళ్ళీ చేసింది. పన్నెండు పాయింట్ ఒకటి. మూల స్టాండు దగ్గర మేడమ్ చేసింది, గువ్వలాగే నెమ్మదిగా, చుక్క చుక్కగా. పదమూడు దాటింది. మేడమ్ ఏమీ అనకుండా ఒక పొడి కాగితం చింపి బ్యూరెట్టు కుళాయి వెనక వైపు అద్దింది. కాగితం తడిసింది.

"కారుతోంది," అంది. "ముందుకి కాదు, వెనక్కి. స్టాండు వెంబడి కిందికి. ఫ్లాస్కులో పడకుండానే ద్రావణం తగ్గిపోతోంది. ఎంత నెమ్మదిగా చేస్తే అంత ఎక్కువ కారుతుంది. గబగబా చేసేవాళ్ళకి తెలియను కూడా తెలీదు."

అంటే జాగ్రత్తగా చేసినందుకే గువ్వ అంకె తప్పయింది. గువ్వ ఆ తడి కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏడవలేదు, నవ్వలేదు. వీపు మాత్రం నిటారుగా అయింది, పొట్టిపిల్ల కాస్త పొడుగైనట్టు.

మేడమ్ బల్లకి ఆనుకుని నిలబడింది. "మీరు కాపీ కొట్టలేదు. ఆ మాట నేను కొట్టేస్తాను, పెద్ద సార్‌కీ చెబుతాను. కానీ ఒక మాట వినండి. మొదటి రోజే నాలుగు అంకెలూ రాసి ఉంటే నేను ఈ కుళాయిని అప్పుడే పట్టుకునేదాన్ని. మీ ఒక్క అంకె దాన్ని దాచేసింది."

అది నిజం. మొండికి ఆ నిజం మింగుడు పడటానికి కాస్త సేపు పట్టింది. మింగింది. కానీ ఇంకొకటి మిగిలింది.

"మేడమ్, నాలుగు అంకెలూ రాసి ఉంటే మీరు మొదట ఎవర్ని చూసేవాళ్ళు? కుళాయినా, గువ్వనా?"

మేడమ్ మూల స్టాండు వైపు చూసింది. "గువ్వనే," అంది. "'చెయ్యి నిలకడ లేదు' అని రాసి మార్కులు కోసేదాన్ని. కుళాయి దాకా వెళ్ళేదాన్ని కాదేమో."

"అందుకే మేం బయటికి చెప్పం మేడమ్."

"మరి నేను అంకెలు చూడకుండా ఎలా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాడు రెండు చివరలూ ఇద్దరి చేతుల్లో ఉన్నాయి, ఎవరూ వదిలేలా లేరు. మొండి స్టాండ్ల వరస వైపు చూసింది. ఒక్కో స్టాండు మీదా తెల్ల రంగుతో అంకె వేసి ఉంది.

"మనుషుల పేర్లు రాయొద్దు. స్టాండు పేరు రాద్దాం," అంది నెమ్మదిగా. "ఒకటో స్టాండులో ఇంత, రెండో స్టాండులో ఇంత, మూల స్టాండులో ఇంత. అన్నీ కాగితం మీద ఉంటాయి. కింద మా ఒక్క మాట, దాని కింద అందరి సంతకాలూ. తేడా వస్తే వేలు ముందు గాజు వైపు వెళుతుంది, మనిషి వైపు కాదు."

"అంకెలు గుండ్రం దాటుతాయిగా?" అన్నాడు దూలం. అంకె చెప్పడం తప్పిస్తే ఆ రోజు వాడు నోరు తెరవడం అదే మొదటిసారి. మాట సూటిగా వచ్చింది.

"దాటుతాయి. అందుకే నేనొక్కదాన్నే చెబితే చాలదు. కూర్చోండి."

మళ్ళీ కూర్చున్నారు. మేడమ్ కూడా, ఈసారి ఎవరూ చెప్పకుండానే. ముందు మేడమ్ తన మాట చెప్పింది, తర్వాత గువ్వ. గువ్వ అంది, పేరు లేకపోతే నాకేం భయం లేదు, పేరున్నా ఇప్పుడు లేదు. దూలం చాలాసేపు ఒప్పుకోలేదు. ఇవాళ స్టాండు అంకె అంటారు, రేపు ఆ స్టాండు దగ్గర ఎవరున్నారని అడుగుతారు అన్నాడు. మేడమ్ దానికి మాటిచ్చింది. చేతి పనికి మార్కులు తను పక్కన నిలబడి చూసే వేస్తుంది, అంకెని బట్టి వెయ్యదు, మిగతా క్లాసుకి కూడా అంతే. పెద్ద సార్ ఒప్పుకోకపోతే ఒప్పుకునేదాకా ఆ ఫ్యాను కింద కూర్చుంటానంది. ఒప్పిస్తానని మాత్రం అనలేదు. ఆ తేడా దూలానికి నచ్చింది. గంట మాత్రం "నేను ఆకలేసినప్పుడే ఒప్పేసుకున్నాను, ఎవరూ అడగలేదు" అన్నాడు.

కాగితం రాశారు. అయిదు స్టాండ్లు, అయిదు అంకెలు, మూల స్టాండు అంకె పక్కన "కుళాయి కారుతోంది" అని. కింద ఒక్క మాట. దాని కింద అయిదు సంతకాలు, మేడమ్‌ది మొదటిది.

*

అక్కడితో ఇళ్ళకి పోవచ్చు. బావ ఇవాళ రెండో కంచం కొనుక్కొస్తానన్నాడు, వద్దని చెప్పాలి. కానీ మొండి మూల స్టాండు బ్యూరెట్టు విప్పి, గుడ్డలో చుట్టి, ముగ్గురినీ వెంటబెట్టుకుని స్టోరు గదికి వెళ్ళింది. అక్కడి బాబాయి కిటికీ అవతల నుంచి దాన్ని అందుకుని వెలుగుకి పెట్టి చూశాడు.

"ఇదా? దీనికేమైంది? పగల్లేదుగా."

"కారుతోంది బాబాయ్. వేరేది ఇవ్వండి."

"మీరు పుట్టకముందు నుంచీ ఉందిది. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కారుతోందనలేదు. మీకే కారిందా?"

"అనుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. తమ చెయ్యే మంచిది కాదనుకుని వెళ్ళిపోయి ఉంటారు," అంది గువ్వ.

బాబాయి ఆ పిల్ల వైపు కళ్ళజోడు మీద నుంచి చూశాడు. "పగిలితేనే మార్చాలి. కారితే మార్చమని ఎక్కడా లేదు. సోమవారం రండి, చూద్దాం."

"సోమవారం దీంతో ఇంకో క్లాసు పిల్లలు చేస్తారు," అంది మొండి. "నీళ్ళు పొయ్యండి బాబాయ్. ఇక్కడే బిగించి చూద్దాం. కారకపోతే వెళ్ళిపోతాం."

"నాకు తాళం వేసుకునే టైమయింది."

"మాకు టైముంది."

బాబాయి నలుగురినీ చూశాడు. దూలం అప్పటికే వంగి కిటికీలోంచి లోపలికి చెయ్యి పెట్టి స్టాండు అందుకుంటున్నాడు. గంట "కుర్చీ కూడా ఇస్తారా బాబాయ్" అని అడిగాడు. తిట్టుకుంటూనే బాబాయి బ్యూరెట్టు బిగించి, నిండా నీళ్ళు పోసి, కుళాయి కట్టేసి, తన కుర్చీ దాని ముందుకి లాక్కుని కూర్చున్నాడు. గువ్వ ఒక పొడి కాగితం చింపి ఆయన చేతికిచ్చింది.

"ఇదెందుకు?"

"వెనక వైపు అద్దండి. మీ చేత్తో మీరే," అంది గువ్వ.